బీరు ట్యాపు వెనక గది: కెగ్గు, గ్యాసు, జీతం పడని గంటలు

పగలు సైటుకో, ఇళ్ళ పనికో పోయి, శుక్ర శనివారాల సాయంత్రం ఏ ట్యావర్న్‌లోనో, ఇండియన్ రెస్టారెంట్‌లోనో ఇంకో షిఫ్టు చేసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. పేరుకి కిచెన్ హ్యాండ్ అనో, క్లీనర్ అనో పెట్టుకుంటారు. వారం తిరక్కముందే "ఆ కెగ్గు మార్చి రా", "రేపు పొద్దున కాస్త ముందొచ్చి లైన్లు కడుగు" అని మొదలవుతుంది. మీకు బీరు వాసన కూడా గిట్టకపోవచ్చు. ఆ గది పని మాత్రం మీ మీద పడుతుంది.

కానింగ్ వేల్‌కి బీరు కొత్త కాదు. స్వాన్ బ్రూవరీ 1979లో ఇక్కడికే వచ్చింది. 2010ల్లో లయన్ కంపెనీ దాన్ని మూసేసి తయారీని దక్షిణ ఆస్ట్రేలియాకి తరలించింది. ఫ్యాక్టరీ పోయినా బార్లు పోలేదు. ప్రతి బారు వెనకా ఒక చల్లగది, అందులో గ్యాస్ సిలిండర్లు, కాస్టిక్ డబ్బాలు, అరవై కిలోలు దాటిన కెగ్గులు ఉంటాయి. ఇంగ్లిష్‌లో ట్రైనింగ్ ఇస్తారు, మనం తల ఊపుతాం, సంతకం పెడతాం. అందుకే ఈసారి ఆ గది సంగతి తెలుగులో చెప్పుకుందాం.

ముందు గ్యాసు

మిగతాదంతా తర్వాత చదివినా పర్లేదు, ఈ భాగం మాత్రం ఇప్పుడే చదవండి.

కెగ్గులోని బీరుని పైకి నెట్టేది కార్బన్ డయాక్సైడ్. కొన్నిచోట్ల దానికి నైట్రోజన్ కలుపుతారు. ఈ గ్యాసుకి రంగు లేదు, మామూలుగా వాసనా తెలీదు. గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి నేల మీద, గుంటల్లో, మెట్ల కింద పేరుకుంటుంది. అంటే మీరు వంగి కెగ్గు బిగించే చోటే.

ఒక లెక్క చూడండి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తున్న చల్లగదిలో 21.6 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఒక కిలో ద్రవ కార్బన్ డయాక్సైడ్ గ్యాసుగా మారితే అర ఘనపు మీటరు పైనే అవుతుంది. ఆరు కిలోల సిలిండర్ ఒకటి రాత్రంతా కారిపోయిందనుకోండి, పొద్దున ఆ గది గాలిలో దాదాపు 15 శాతం ఇదే ఉంటుంది. బయట గాలిలో ఉండేది 0.04 శాతం. ఆస్ట్రేలియాలో పనిచోట ఎనిమిది గంటల సగటుకి పెట్టిన హద్దు 0.5 శాతం, పదిహేను నిమిషాలకి పెట్టిన హద్దు 3 శాతం. పది శాతం దాటితే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. అది ఒక్క సిలిండర్ సంగతి. చాలా గదుల్లో నాలుగైదు ఉంటాయి.

మన ఊళ్ళలో పాత బావి పూడిక తీయడానికి దిగేముందు తాడుకి దీపం కట్టి వదిలేవాళ్ళు. దీపం ఆరిపోతే దిగేవాళ్ళు కాదు. ఇక్కడ ఆ ఉపాయాన్ని నమ్మకండి. ఈ గ్యాసు ఊపిరాడకుండా చేయడమే కాదు, అదే సొంతంగా విషం. దీపం ఇంకా వెలుగుతుండగానే మనిషి పడిపోవచ్చు. గ్యాసు ఉందో లేదో చెప్పగలిగేది గోడకి పెట్టే కార్బన్ డయాక్సైడ్ అలారం ఒక్కటే. అది నేలకి దగ్గరగా ఉండాలి. రీడింగ్ చూపే డబ్బా తలుపు బయట కూడా ఉండాలి, లోపలికి అడుగు పెట్టాకే తెలిస్తే లాభమేముంది?

లోపలికి వెళ్ళగానే తలనొప్పి, ఎగశ్వాస, ఒళ్ళు వేడెక్కడం, తల తిరగడం, గుండె దడదడ ఇలా ఏది అనిపించినా కెగ్గు అక్కడే వదిలేసి బయటికి రండి. తలుపు బార్లా తెరవండి, అందరినీ దూరం పంపండి, 000కి ఫోన్ చెయ్యండి. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే మనసు ఆగదు, తెలుసు. కానీ ఊపిరి బిగబట్టి లోపలికి ఉరికినవాడే రెండో శవం అవుతాడు. మన బావుల్లో ఒకడి వెనక ఒకడు దిగి ముగ్గురు నలుగురు పోయేది ఇలాగే. గాలి పరికరం పెట్టుకుని వెళ్ళాల్సింది ఫైర్ వాళ్ళు.

నిర్మాణం పని చేసే అన్నలకి ఇంకో మాట. 2011లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, పూలర్ పట్టణంలో ఒక హోటల్లో కూల్‌డ్రింక్ యంత్రానికి వెళ్ళే గ్యాస్ గొట్టం ఊడిపోయింది. గ్యాసు గోడ సందుల్లోకి చేరి, అక్కడి నుంచి మరుగుదొడ్డిలోకి పాకింది. లోపలున్న ఒక పెద్దావిడ చనిపోయారు. బీరుకైనా, సోడాకైనా గ్యాసు అదే. రెనొవేషన్ పనిలో గోడ కోస్తుంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తే "ఏదో పాతది" అని కోసేయకండి, గోడలో వదిలి ప్లాస్టర్ కొట్టేయకండి. అది ఎక్కడికి పోతోందో సూపర్‌వైజర్ని అడిగి, గ్యాసు ఆపించాకే ముట్టుకోండి.

సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టి, గొలుసుతో గోడకి కట్టి ఉండాలి. 20 డిగ్రీల వేడిలో దాని లోపల ఒత్తిడి సుమారు 57 బార్, కారు టైరులో ఉండేదానికి ఇరవై రెట్లకి పైనే. పెర్త్ ఎండలో కారు డిక్కీలో పెట్టి తిప్పమంటే వద్దని చెప్పండి. రెగ్యులేటర్ లేకుండా సిలిండర్ని కెగ్గుకి కలపమన్నా అంతే.

కెగ్గు బరువు

నిండిన 50 లీటర్ల కెగ్గు 60 కిలోలు దాటుతుంది. ఇక్కడి 20 కిలోల సిమెంటు బస్తాలు మూడింటి కన్నా ఎక్కువ, మన ఊరి 50 కిలోల బస్తా కన్నా ఎక్కువ. బస్తా అయితే భుజానికి ఒదుగుతుంది, ఇది ఒదగదు. తడి నేల మీద జారే గుండ్రటి స్టీలు డబ్బా.

మనిషి ఎత్తకూడని బరువు ఇన్ని కిలోలని ఇక్కడి చట్టం అంకె చెప్పదు. దాన్ని పట్టుకుని "రూల్ ఏమీ లేదుగా, ఎత్తు" అనేవాళ్ళున్నారు. చట్టం చెప్పేది వేరే: మోత వల్ల నడుం విరిగే ప్రమాదాన్ని వీలైనంత తగ్గించే బాధ్యత యజమానిది. ట్రాలీ ఇవ్వాలి, లేదా ఇద్దరిని పెట్టాలి, లేదా కెగ్గు ఎత్తే లిఫ్టర్ పెట్టాలి. కెగ్గుని ఒకదాని మీద ఒకటి ఒంటరిగా పేర్చమంటే మీరు కాదనడం మొండితనం కాదు.

ఇంకొకటి, చాలామందికి తెలీనిది. కెగ్గు మెడలో లోపలికి దిగి ఉండే లోహపు గొట్టాన్ని స్పియర్ అంటారు. కెగ్గు ఖాళీ అయిందనిపించినా లోపల ఒత్తిడి ఉంటుంది. పాత కెగ్గుని ఇంట్లో పొయ్యికో, డ్రమ్ముకో వాడుకుందామని స్పియర్ విప్పబోయి, అది తూటాలా ఎగిరి తగిలి చనిపోయినవాళ్ళున్నారు. పైగా ఆ కెగ్గు బీరు కంపెనీ సొత్తు. ముట్టుకోకండి.

మార్చే పద్ధతి చిన్నదే. ముందు గ్యాసు ఆపాలి. కప్లర్ పిడి పైకెత్తాలి, తర్వాతే విప్పాలి. ఎ రకం కప్లర్ పక్కనుంచి జారుతూ ఎక్కుతుంది. డి, ఎస్ రకాలని పైనుంచి దింపి తిప్పాలి. ఈ రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి కానీ ఎస్ రకం మొన కాస్త పొడుగు. ఎక్కకపోతే బలవంతం చేయకండి, రకం తప్పై ఉంటుంది. కెగ్గు మెడ మీదికి ముఖం పెట్టి పని చేయకండి.

లైన్లు కడగడం

కల్లు గీసేవాళ్ళున్న ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. లొట్టి కడక్కపోతే మర్నాటి కల్లు పులిసి కంపు కొడుతుంది. బీరు గొట్టం కూడా అంతే. లోపల ఈస్టు, బూజు, బ్యాక్టీరియా జిడ్డుగా పడతాయి. దాని మీద కాల్షియం ఆక్సలేట్ అనే గట్టి పొర కడుతుంది, బీర్ స్టోన్ అంటారు. బీరు వెనిగర్‌లా పుల్లగా వచ్చినా, కమ్మటి వెన్న వాసన వచ్చినా గొట్టం మురికిదనే అనుమానించాలి. మంచి చోట్ల వారానికోసారి, మహా అయితే రెండు వారాలకోసారి కడుగుతారు.

కడిగే ద్రవం ఎక్కువగా కాస్టిక్. మనం డ్రైనేజీలో పోసే కాస్టిక్ సోడా కుటుంబమే. చర్మం మీద పడితే మొదట సబ్బులా జారుతుంది, మంట తర్వాత తెలుస్తుంది, అప్పటికే లోపలికి దిగి ఉంటుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. కాబట్టి మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లోవ్స్, కళ్ళకి అన్ని వైపులా మూసే గాగుల్స్, కాళ్ళకి మూసిన బూట్లు కావాలి. వీటిని కొనివ్వాల్సింది యజమాని. మీ జీతంలో కోసుకోకూడదు.

ముందు గ్యాసు ఆపి, కెగ్గు నుంచి కప్లర్ విప్పి, గొట్టంలోని బీరుని నీళ్ళతో తోసేయండి. బకెట్‌లో ముందు నీళ్ళు పోసి, దాంట్లో మందు కలపండి, మందు మీద నీళ్ళు పోయకండి. పోస్తే ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. ఎంత కలపాలి, ఎంతసేపు నానాలి అన్నది డబ్బా మీద రాసి ఉంటుంది, అదే లెక్క. "కాస్త గట్టిగా కలిపితే తొందరగా అవుతుంది" అనే సీనియర్ల మాట వినకండి. రాత్రంతా నానబెట్టడమూ తప్పే. కొన్ని ద్రవాలు ఊదా రంగులో మొదలై మురికి తగిలితే ఆకుపచ్చకి తిరుగుతాయి, అవి మనకి సులువు, కంటికి కనిపిస్తుంది. నానాక మళ్ళీ చల్లటి నీళ్ళతో కడగాలి, అదీ చాలాసేపు. చివర వచ్చే నీళ్ళని పీహెచ్ కాగితంతో పరీక్షించి, కొళాయి నీళ్ళకీ దీనికీ తేడా లేదని చూశాకే కెగ్గు పెట్టాలి. కాస్టిక్ ఉన్నంతసేపూ ప్రతి ట్యాపుకీ "వాడొద్దు" అని అట్ట ముక్క వేలాడాలి. అది మర్చిపోతే కస్టమర్ గొంతు కాలుతుంది, వేలు చూపించేది కడిగినవాడి మీదే.

బీర్ స్టోన్ తీయడానికి కొన్నిసార్లు యాసిడ్ ద్రవం కూడా వాడతారు. క్లోరిన్ ఉన్న ద్రవంతో యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండిటికీ ఒకే బకెట్ వాడకండి. ఇంటి పనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకీ ఇదే మాట: బ్లీచ్, టాయిలెట్ యాసిడ్ కలిపినా అదే జరుగుతుంది. ఇప్పుడు కొన్ని ఇళ్ళలో ప్యాటియో దగ్గర కెగరేటర్లు, అంటే ట్యాపున్న బీరు ఫ్రిజ్‌లు పెట్టుకుంటున్నారు. "వచ్చినప్పుడు అది కూడా కడిగెయ్" అంటే, డబ్బా లేబుల్, సేఫ్టీ డేటా షీట్ చూపించమనండి. లేబుల్ లేని సీసాలో పోసిచ్చిన ద్రవాన్ని తాకకండి.

కంట్లో పడితే వెంటనే పారే నీళ్ళ కింద పెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు కడుగుతూనే ఉండండి, పక్కవాళ్ళతో 000కి చేయించండి. మింగితే వాంతి చేయించకండి. పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ 13 11 26కి చేస్తే ఏం చేయాలో చెప్తారు, రోజంతా ఉంటారు.

ఏ సామాను కొనాలని మిమ్మల్ని అడిగితే

చిన్న రెస్టారెంట్లలో "నువ్వేగా చూసుకునేది, ఏది కొందాం?" అని అడుగుతారు. మనవాళ్ళే కొందరు సొంతంగా లైసెన్స్ తీసుకుని పెట్టుకుంటున్నారు కూడా. అప్పుడు ట్యాపు టవర్ ఎంత మెరుస్తోందో చూడకండి, గొట్టం ఎంత పొడుగో చూడండి.

పది మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో మీటరుకి దాదాపు 78 మిల్లీలీటర్లు పడుతుంది. గది నుంచి బారుకి 20 మీటర్లు ఉంటే ఒక్కో లైన్లో లీటరున్నర బీరు నిలుస్తుంది. ప్రతి కడుగుడికీ అది డ్రైనేజీ పాలు, ఇక్కడి 570 మిల్లీలీటర్ల పైంట్లు రెండున్నరకి పైనే. ఆరు ట్యాపులైతే మీరే లెక్కేయండి. పైగా అంత దూరం బీరు చల్లగా రావాలంటే గొట్టాల పక్కనే గ్లైకాల్ చల్లదనం తిప్పాలి. ఆ యంత్రం ఖర్చు, దాని ఫిల్టర్ల దుమ్ము దులపడం మళ్ళీ మనకే. రోజుకి ఒకటి రెండు కెగ్గులు కూడా పోని చోట ట్యాపు కిందే కెగ్గు ఉండే చిన్న ఫ్రిజ్ చాలు. ఆరు మిల్లీమీటర్ల గొట్టం, రెండు మూడు మీటర్లు, అరగంటలో పని ముగుస్తుంది.

50 లీటర్ల కెగ్గు బదులు 30 లీటర్లవి, 20 లీటర్లవి దొరికితే అవి తెప్పించమనండి. మెల్లగా అమ్ముడయ్యే బీరుకి అదే మేలు, పాడవకముందే అయిపోతుంది, మోసేవాడి నడుమూ నిలుస్తుంది. సెకండ్‌హ్యాండ్ సామాను అయితే గొట్టాలు, వాషర్లు, ఓ-రింగులు కొత్తవి వేయించాలి, పాత గొట్టానికి పట్టిన వాసన ఎంత కడిగినా పోదు. రెగ్యులేటర్ పాతది వద్దే వద్దు. గ్యాసు అలారం ఈ లిస్టులో మొదట రాయించండి. "తర్వాత పెట్టుకుందాం" అన్నది మా చెవులకి ఎన్నిసార్లు పడిందో.

నురగ ఎక్కువొస్తోందని మీ మీద విసుక్కుంటే ముందు నాలుగు చూడండి: బీరు 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉందా, గ్యాసు ఒత్తిడి ఎవరైనా తిప్పారా, గొట్టం ఎక్కడైనా మడత పడిందా, గ్లాసుకి జిడ్డుందా. కొత్తగా వచ్చిన కెగ్గుని వెంటనే తగిలించినా నురగే వస్తుంది, ఒక రోజు చల్లబడనివ్వాలి. ఒత్తిడి పెంచితే నురగ తగ్గుతుందని రెగ్యులేటర్ తిప్పేవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

ఆ గంటలకి జీతం

లైన్లు కడిగేది తెరవక ముందో, మూసేశాకో. అందుకే ఆ సమయం రోస్టర్‌లో కనిపించదు. వారానికి గంటన్నర అనుకుందాం. 2025 జులై 1న జాతీయ కనీస వేతనం గంటకి 24.95 డాలర్లయింది. క్యాజువల్‌కి 25 శాతం కలిపితే 31.19. ఏడాదికి 78 గంటలు, అంటే 2,400 డాలర్లకి పైన. అది కనీసం మాత్రమే, హాస్పిటాలిటీ అవార్డులో వారాంతానికి, సెలవు రోజులకి రేటు ఇంకా ఎక్కువ. ఆ అవార్డు కింద క్యాజువల్‌ని పిలిస్తే కనీసం రెండు గంటల జీతం ఇవ్వాలి. అరగంట పని ఉందని పొద్దున పిలిపించి, ఇంటికి పంపి, మళ్ళీ సాయంత్రం రమ్మంటే ఆ పొద్దుటి పిలుపుకీ రెండు గంటలు లెక్క.

వచ్చిన టైము, వెళ్ళిన టైము, చేసిన పని రోజూ ఫోన్‌లో రాసుకోండి. రోస్టర్ ఫోటో తీయండి. "రేపు ముందొచ్చి కడుగు" అన్న మెసేజ్ చెరిపేయకండి, రేపు అదే మీ సాక్ష్యం. ఆరేళ్ళ వెనకటి బకాయి దాకా అడగొచ్చు. తెలిసి తెలిసి జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి జాతీయ చట్టం కింద నేరం. ఏబీఎన్ తీసుకో, కాంట్రాక్టర్‌వి అయిపో అని నూరిపోస్తే, మీ టైమూ, మీ సామానూ, మీ పనీ అన్నీ వాళ్ళే నిర్ణయిస్తుంటే, కాగితం మీద ఏం రాసినా మీరు ఉద్యోగి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఎక్కడికి వెళ్ళాలి అన్నది ఈ రాష్ట్రంలో కాస్త తికమక. మీ యజమాని పీటీవై లిమిటెడ్ కంపెనీ అయితే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్, 13 13 94. ఒంటరి వ్యాపారి, భాగస్వామ్యం, లేదా ఒక కుటుంబమే మిమ్మల్ని ఇంటి పనికి పెట్టుకుంటే రాష్ట్ర వ్యవస్థ: వేజ్‌లైన్, 1300 655 266. ఇళ్ళలో పనిచేసేవాళ్ళని రాష్ట్ర చట్టం ఒకప్పుడు ఉద్యోగులుగానే లెక్కపెట్టేది కాదు, 2022 జూన్ 20 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. పాత మాట పట్టుకుని "ఇంటి పనికి రూల్స్ ఉండవు" అంటే నమ్మకండి. గ్యాసు, కాస్టిక్, మోత లాంటి భద్రత విషయమైతే వర్క్‌సేఫ్, 1300 307 877. ఇంగ్లిష్ తడబడితే 131 450కి చేసి "తెలుగు" అనండి, దుబాసిని కలుపుతారు.

2022 మార్చి 31 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర భద్రతా చట్టం ప్రకారం, వెంటనే ప్రాణం మీదికో ఆరోగ్యం మీదికో వచ్చే ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపిస్తే పని ఆపే హక్కు మీకుంది. ఆపి, వెంటనే చెప్పాలి, వేరే పని ఇస్తే చేయడానికి సిద్ధంగా ఉండాలి. అలారం మోగుతుంటే చల్లగదిలోకి వెళ్ళకపోవడం సరిగ్గా ఇదే.

దెబ్బ తగిలితే, క్యాజువల్ అయినా, వీసా ఏదైనా, వర్కర్స్ కాంపెన్సేషన్ ఉంటుంది. డాక్టర్ దగ్గర "పనిలో తగిలింది" అని చెప్పి, మొదటి సర్టిఫికెట్ ఆఫ్ కెపాసిటీ తీసుకుని యజమానికివ్వండి. "మెడికేర్‌లో చూపించుకో, పని అని చెప్పకు" అని బతిమాలితే ఒప్పుకోకండి. నడుం నొప్పి రెండేళ్ళ తర్వాత కూడా తిరిగొస్తుంది, అప్పుడు ఆ బతిమాలినవాళ్ళు ఉండరు.

స్టూడెంట్ వీసా మీదున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ భయం తెలుసు. క్లాసులు జరిగేటప్పుడు పద్నాలుగు రోజులకి 48 గంటల హద్దు దాటామని యజమాని బెదిరిస్తాడు. హద్దు దాటినా చేసిన పనికి జీతం రావాల్సిందే. పనిచోట దోపిడీ మీద ఫిర్యాదు చేసే వలస కార్మికులకి 2024 జులై నుంచి వీసా రద్దు విషయంలో కొన్ని రక్షణలు వచ్చాయి, వాటికి షరతులున్నాయి. అందుకే నేరుగా తెగించే ముందు ఉచిత న్యాయ సలహా కేంద్రంలోనో, యూనియన్‌లోనో మాట్లాడండి.

వచ్చే షిఫ్టుకి వెళ్ళినప్పుడు ఆ గది తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. అలారం దీపం వెలుగుతోందా? సిలిండర్లకి గొలుసు ఉందా? గాగుల్స్ మేకుకి వేలాడుతున్నాయా, లేక ఎవరో తీసుకెళ్ళారా? ఏది లేకపోయినా మాటగా కాకుండా మెసేజ్‌గా అడగండి, తేదీ దానంతట అదే పడుతుంది.